రెండో సగం ముందొచ్చిన సినిమా

ఆ వీధిలో సినిమా చూసినవాడెవడూ తెరమీద శుభం పడగానే ఇంటికి పోయేవాడు కాదు. జనమంతా బయటికొచ్చి హాలు మెట్లమీద నిలబడేవాళ్ళు. సోడా తాగేవాడు తాగుతూ, నిద్రపోయిన పిల్లని భుజం మార్చుకునేవాడు మార్చుకుంటూ, అందరూ ఒక్క మనిషి కోసం ఎదురుచూసేవాళ్ళు. కాసేపటికి ఆవిడ లోపల్నుంచి వచ్చి, పై మెట్టుమీద నిలబడి, పళ్ళమధ్య పట్టుకున్న వంకర సూది తీసి కొంగుకి గుచ్చుకుని, తీర్పు చెప్పేది. బాగుందంటే మర్నాటికి గోడలెక్కి దూకేవాళ్ళు. బాగాలేదంటే ఇక ఆ సినిమా మొహం కుక్క కూడా చూసేది కాదు. హీరో స్వయంగా వచ్చి గేటు దగ్గర టికెట్లు చింపినా సరే, చింపుకుంటూ కూర్చోవాల్సిందే.

ఆవిణ్ణి అందరూ తీర్పు పిన్ని అనేవాళ్ళు. ఆవిడ పని ఆ హాల్లో చిరిగిన సీట్లు కుట్టడం. ఆట నడుస్తుండగానే, సీట్ల మధ్య దారిలో నేలమీద చతికిలబడి, చంకలో టార్చిలైటు, చేతిలో సూదీ దారంతో పని చేసుకుంటూ, ఒక కన్ను తెరమీద వేసి ఉంచేది. పెళ్ళయి ఆ ఇంటికొచ్చినప్పట్నుంచీ అక్కడ ఆడిన ప్రతి సినిమా అలాగే చూసింది. అందుకే ఆవిడ అభిప్రాయాలన్నీ సీట్లలోంచే పుట్టేవి.

"ఏడుపు సినిమాకి చేతులానించుకునే చోట తోలు ఊడుతుంది. దెబ్బలాట సినిమాకి ముందు సీటు వీపు చిరుగుతుంది. ప్రేమ సినిమాకి రెండు సీట్ల మధ్య కుట్టు పోతుంది. చెత్త సినిమాకి దారప్పోగు కూడా కదలదు, అందరూ నిద్రపోతారుగా!" అనేది.

ఇక రాక్ సంగీతమంటే చెవి కోసుకునేది. ఆట మొదలయ్యే ముందు హాల్లో రాక్ రికార్డులు వేసేవాళ్ళు. పిన్ని వాటిని వినీ వినీ, పక్కింటివాళ్ళ సంసారం గురించి చెప్పినంత ధీమాగా చెప్పేది.

"గిటారంటే జుట్టు లాంటిదయ్యా. దువ్వుకోవచ్చు, పెంచుకోవచ్చు, ఊపుకోవచ్చు. డ్రమ్ములంటే వెన్నెముక. జుట్టు లేకపోయినా మనిషి నడుస్తాడు. వెన్నెముక లేనివాణ్ణి నడవమను చూద్దాం!"

"మరి పాడేవాడో పిన్నీ?" అని సైకిల్ షాపాయన ఎగదోసేవాడు.

"వాడా? కేక పెడితే మర్నాడు వాడి గొంతు పనిచెయ్యకూడదు. పనిచేసిందంటే వాడు పాడలేదు, ఉద్యోగం చేశాడు."

ఆపరేటర్ గదిలో మిషన్ నడిపేది ఆవిడ మొగుడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ మిషన్ తప్ప వేరే లోకం తెలీదు. ఇంట్లో అన్నం తింటూ తింటూ, రీలు మార్చే వేళకి ఠక్కున లేచి నిలబడేవాడు. ఒకసారి నిద్రలోనే లేచి దుప్పటి చుట్టచుట్టి డబ్బాలో పెట్టాడట. పొద్దున లేచి పిన్ని వెతికితే బియ్యం డబ్బాలో దొరికింది.

హాలు మాత్రం ఆయన అక్కది, అంటే పిన్నికి వదిన. నడుముకి తాళాలగుత్తి, మొహంమీద ఎప్పుడూ చిటపటలు. ఆవిడ ఒక్క సినిమా కూడా పూర్తిగా చూసిన పాపాన పోలేదు. "నేను తెర చూస్తూ కూర్చుంటే గేటు ఎవరు చూస్తారు?" అనేది. పిన్ని తీర్పుల వల్ల హాలు ఖాళీ అయినప్పుడల్లా ఒంటికాలిమీద లేచేది.

"ఇంటి మనిషివై ఉండి ఇంట్లో ఆడే సినిమాని బాగాలేదంటావా?"

"నోరు నాదే గానీ వదినా, అందులోంచి వచ్చే అభిప్రాయం సినిమాది. నేనేం చెయ్యను?"

అలా తీర్పులు చెప్పీ చెప్పీ పిన్ని చివరికి పీకలమీదకి తెచ్చుకుంది. ఆ ఏడాది వచ్చిన సినిమాలన్నీ తుస్సుమన్నాయి. టైర్ల షావుకారు ఒకడు కొలత టేపు జేబులో వేసుకుని హాలు చుట్టూ తిరగడం మొదలెట్టాడు. ఆయనకి గోడౌను కావాలి. వదిన తమ్ముణ్ణీ మరదల్నీ పిలిచి, గుత్తి బల్లమీద పడేసి చెప్పింది.

"ఈ వారం వచ్చే రాక్ బ్యాండు సినిమా ఆడితే ఆడింది. లేదంటే తాళాలు షావుకారుకి ఇచ్చేస్తాను. ఒరేయ్ తమ్ముడూ, తర్వాత నువ్వు టైర్లు మోస్తావో, ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటావో నీ ఇష్టం."

వదిన మరదలి వైపు తిరిగింది. "నువ్వు బాగుందని చెప్పు చాలు."

"చూడకముందే చెబితే అది తీర్పెలా అవుతుంది వదినా, ఇంటర్వెల్లో అప్పడాలమ్ముకోవడం అవుతుంది."

"అయితే నీ మొగుడు టైర్లు మోస్తుంటే మెట్లమీద నిలబడి దానిమీద కూడా తీర్పు చెప్పుకో!"

ఆ మాట పిన్నికి మేకులా దిగింది. మిషన్ లేకుండా ఈయన బతకడు. పైగా ఆ బ్యాండు సినిమా మిగతా చోట్ల ఎలా పోతోందో కబురు ముందే వచ్చేసింది. ఇంటర్వెల్ దాకా బానే ఉంటుందట, ఆ తర్వాత జనం గురకలకి పాటలు వినపడటం లేదట.

సినిమా వచ్చిన రోజు పొద్దున పిన్ని ఆపరేటర్ గదికెక్కింది. ఆట ముందు మొగుడి దగ్గర కూర్చుని నాలుగు అభిప్రాయాలు చెప్పందే ఆవిడకి తోచదు. ఆయనకేమో మిషన్ హోరుకి ఎడమ చెవి ఏనాడో పోయింది. ఏం చెప్పినా కుడిపక్కనుంచే చెప్పాలి. రీళ్ళ డబ్బాలు మాత్రం ఆయన పద్ధతిగా పేర్చుకుంటాడు. మొదటి సగం ఎడమపక్క, ఇంటర్వెల్ తర్వాతది కుడిపక్క. ఇక చూసుకోడు, చెయ్యి చాపి అందుకోవడమే. ఆ చెయ్యి ఆ గదిలో కళ్ళున్నవాళ్ళకంటే బాగా చూసేది.

ఆ రోజు కుడిపక్క పేర్చిన డబ్బాల వరస మరీ ఎత్తుగా ఉంది. పిన్ని ఎక్కి కూర్చుంటే తల కప్పుకి కొట్టుకుంది. ఎడమపక్క వరస పొట్టిగా, పీటలా అనువుగా కనిపించింది. అంతే, ఆ పొట్టి వరసని కుడిపక్కకి లాక్కుని కూర్చుంది, ఎత్తు వరసని ఎడమపక్కకి నెట్టేసింది.

"ఈ సినిమాలో పాట రికార్డు విన్నానయ్యా. గిటారువాడు అంతసేపు ఎందుకు మూలుగుతాడు? డ్రమ్ములు ఎక్కడికి పోయాయి?"

"గిటారు బానే ఉందే," అన్నాడాయన మెల్లిగా.

"బానే ఉందా? నీతో కాపురం ఎలా చేశానో నాకే తెలీదు!"

ఆ వాదన తెగకుండానే బెల్లు మోగింది. పిన్ని సూదీ దారం తీసుకుని కిందికి పరిగెత్తింది. ఆయన పెళ్ళాం మాటలకి లోలోపల నవ్వుకుంటూ ఎడమచెయ్యి చాపి డబ్బా అందుకుని, రీలెక్కించాడు. డబ్బాల చోటు మారిందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

హాలు సగం కూడా నిండలేదు. పిన్ని మధ్య దారిలో చతికిలబడి కుట్టు మొదలెట్టింది. తెరమీద పేర్లు లేవు, ఏమీ లేవు. ఎత్తుగా ఒక స్టేజీ, దానిమీద డ్రమ్ములు, డ్రమ్ముల వెనక ఒక ఖాళీ స్టూలు. అంతే.

"అబ్బ! పేర్లు వెయ్యకుండా మొదలెట్టాడు. పేర్లు చూసేది ఆ పేర్లవాళ్ళ చుట్టాలేగా," అనుకుంది పిన్ని మెచ్చుకుంటూ.

పాడేవాడొచ్చాడు. మైకు పట్టుకున్నాడు. వెనక్కి తిరిగి ఆ స్టూలుకేసి చూశాడు. నోరు తెరిచాడుగానీ పాట రాలేదు. గిటారువాడు మొదలెట్టాడు, వాడి చెంపలమీద నీళ్ళు. ఎందుకో ఎవరికీ తెలీదు. తర్వాత వాళ్ళు వ్యానులో ఊళ్ళు పట్టుకు తిరుగుతారు, కిటికీ పక్క సీటులో ఎవరూ కూర్చోరు, అందులో ఎవరైనా కూర్చోబోతే కొట్టుకునేంత పనవుతుంది. ఎవరిదా సీటు? ఎవరిదా స్టూలు? హాల్లో ఒకళ్ళనొకళ్ళు అడుక్కోవడం మొదలెట్టారు. ముందు వరసలో ఉన్న పెద్దాయన ఆరాటం పట్టలేక లేచి తెరనే అడిగేశాడు, "ఎవరు పోయారో చెప్పి ఏడవండయ్యా!"

పిన్ని చేతిలో సూది ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఆవిడకే తెలీదు. చివర్లో గిటారువాడు ఒక్కడే నిలబడి, ఆ ఖాళీ స్టూలు చూస్తూ, ఇల్లు తగలబడుతున్నట్టు వాయించాడు. మూలుగుడన్నది ఇదేనా అని పిన్ని నోరు తెరిచింది. అప్పుడు తెరమీద పెద్ద అక్షరాలు పడ్డాయి.

శుభం.

లైట్లు వెలిగాయి. "ఇదేంటి, అప్పుడే అయిపోయిందా?" అని ఒకడు. "టైటిల్సు లేవు, కథ లేదు, శుభం మాత్రం ఉందా?" అని ఇంకొకడు. పిన్ని కళ్ళముందు పొట్టి వరస, ఎత్తు వరస కనిపించాయి. పై ప్రాణాలు పైనే పోయాయి. సూది అక్కడే పడేసి మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

గదిలో ఆయన ఒక డబ్బా మూత పట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు.

"దీనిమీద ఒకటి అనుంది," అన్నాడు. "ఒకటో రీలు ఇక్కడుంటే, ఇందాకట్నుంచి నేను వేసిందేమిటే?"

"రెండో సగం వేశావు. కూర్చోడానికి నేనే మార్చానయ్యా. తిట్టాలంటే రేపు తిట్టు."

ఆయన తిట్టలేదు. తిట్లు ఆయనకి చేతకావు. గోడకి జారబడ్డాడు. "అక్కకి చెప్పేస్తాను. ఆట ఆపేద్దాం."

"ఆపితే ఈ మిషన్‌ని వీధిలో పెడతారు. పక్కనే నిన్ను కూడా పెడతారు."

"మరి?"

"ఒకటో రీలు ఎక్కించు."

ఆయన మిషన్‌ని ఒకసారి చేత్తో నిమిరి, రీలు ఎక్కించసాగాడు. ఆ నిమరడం చూసిన పిన్ని ఇక అక్కడ నిలబడలేకపోయింది.

బయట మెట్లమీద జనం గోలగోలగా ఉన్నారు. సగంమంది ఇంటికి బయల్దేరుతున్నారు. పిన్ని పై మెట్టెక్కింది. అందరూ చప్పున ఆగిపోయారు. ఎందుకంటే ఇంటర్వెల్లో పిన్ని నోరు విప్పడం ఆ మెట్లు కూడా ఎప్పుడూ చూడలేదు.

ఆ మెట్టుమీద ఆవిడ ఏనాడూ అబద్ధం చెప్పలేదు. ఇవాళ చెప్పాల్సొస్తుందేమో. 'ఏం చెప్పను?' అనుకుంటూ అలవాటుగా పళ్ళమధ్య సూది కోసం తడుముకుంది. లేదు. ఎక్కడ వదిలేసిందో గుర్తే లేదు. ఆ క్షణంలో ఆవిడకి అర్థమైంది, అబద్ధం చెప్పే పనే లేదని.

"ఒరేయ్ నాయనల్లారా," అంది గట్టిగా, "నేను ఈ హాల్లో ఇన్నాళ్ళుగా కుడుతున్నాను. తెరమీద రాజులు చచ్చినా కుట్టాను, భూకంపాలొచ్చినా కుట్టాను. ఇవాళ నా చెయ్యి ఆగిపోయింది. పోయిన మనిషెవరో తెలీకుండానే మీరంతా ఏడ్చారా లేదా?"

"ఏడ్చాం," అన్నాడు సైకిల్ షాపాయన మొహం తిప్పుకుని.

"ఆ పోయిన మనిషిని చూడకుండానే ఇంటికి పోతారా? పోతే పొండి. నేను మాత్రం చూస్తాను."

అని చరచరా లోపలికెళ్ళిపోయింది. జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. తర్వాత వాకిట్లో పడిన తోపులాటకి ఒక తలుపు రెక్క ఊడి చేతికొచ్చింది. వీధిలో పోయేవాళ్ళు కూడా, ఏదో జరుగుతోందని, టికెట్లు కొనుక్కుని లోపలికి దూరారు.

రెండోసారి తెర వెలగ్గానే పేర్లొచ్చాయి. పేర్ల తర్వాత చాకిరేవులా బట్టలు వేలాడుతున్న ఒక ఇల్లు, అందులో బక్కపల్చటి పిల్ల, మూకుళ్ళూ బిందెలూ బోర్లించి గరిటెలతో వాయిస్తోంది. పిల్ల మొహం చూడగానే హాలంతటికీ ఒక్కసారే తెలిసిపోయింది. ఆ స్టూలు ఈ పిల్లదే!

ఇక అక్కణ్ణుంచి ఎవరికీ కుదురు లేదు. పిల్ల నవ్వితే హాలు నవ్వుతూనే ముక్కు చీదింది. పిల్ల వ్యానెక్కి కిటికీ పక్క సీటు నాదంటే నాదని పాడేవాడితో పోట్లాడి గెలిస్తే జనం ఈలలేశారు. గిటారువాడు ఆ పిల్లకి మొదటిసారి డ్రమ్ముకర్రలు కొనిచ్చినప్పుడు, ముందు వరస పెద్దాయన మళ్ళీ లేచి, "బాబూ, జాగ్రత్తగా చూసుకోరా ఆ పిల్లని!" అని బతిమాలాడు.

ఆట మధ్యలోనే మెట్లెక్కి తీర్పు చెప్పిందని విని, మరదల్ని కడిగేద్దామని గుత్తి ఆడించుకుంటూ వదిన లోపలికొచ్చింది. తలుపు దగ్గరే ఆగింది. గుత్తి చప్పుడు కూడా ఆగింది. పిన్ని ఆవిణ్ణి చూసి తిట్లకి సిద్ధపడిందిగానీ, వదిన ఇటు చూస్తేగా!

ఆఖరికి పెద్ద స్టేజీ వచ్చింది. అదే స్టేజీ, అదే స్టూలు. పిల్ల వచ్చి దానిమీద కూర్చుంది. కర్రలు గాల్లోకెత్తింది. హాల్లో ఒక్కడు ఊపిరి తీస్తే ఒట్టు. దించింది. అంతే! ఆ డ్రమ్ముల దెబ్బకి గోడ సున్నం పెచ్చులూడింది. వీధిలో పావురాలు లేచి తాళం ప్రకారం ఎగిరాయి. షావుకారు హాలు కొలవడానికి అప్పుడే లోపలికొచ్చి ఉన్నాడు, కొలత టేపు రెండు చేతులా పట్టుకుని ఊగిపోయాడు. పిల్ల నుదుటిమీద చెమట, మొహమంతా నవ్వు, కర్రలు రెండూ గాల్లో ఉండగా బొమ్మ అలాగే నిలిచిపోయింది. దానిమీద 'విశ్రాంతి' అని పడింది.

ఆ అక్షరాలు పడగానే హాలు లేచింది. సీట్లు ఎక్కారు, సీట్లు దూకారు, చిరిగిన సీట్ల బూరుగుదూది గాల్లో ఎగిరింది. పిన్ని అది చూసి పకపకా నవ్వింది. ఇందాక పోయిన పిల్ల ఇప్పుడు బతికే ఉంది, వాయిస్తూనే ఉంది, ఇంకెవరూ ఆపలేరు. ఏడ్చుకుంటూ మొదలెట్టిన జనం ఎగురుతూ బయటికొచ్చారు.

మెట్లమీదకి రాగానే ఒక పెద్దమనిషి సూట్‌కేసుతో అడ్డంగా నిలబడ్డాడు. సినిమా రీళ్ళ పెట్టెతోపాటు పంపిణీ కంపెనీ పంపిన రిప్రజెంటేటివ్. చివరి వరసలో కూర్చుని, తన కళ్ళని తనే నమ్మలేక ఆఖరిదాకా అంతా చూశాడు.

"ఎవరండీ ఇక్కడ ఆపరేటరు? సినిమాని తలకిందులుగా వేశారు! రెండో సగం ముందు వేసేశారు!"

ఆపరేటర్ పై గది మెట్లు దిగుతున్నవాడల్లా అక్కడే ఆగి, మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. రిప్రజెంటేటివ్ ఆయన వైపు వేలు చూపించాడు. "నువ్వేనా? పెట్టె ఇప్పుడే పట్టుకుపోతున్నాను. నీకింక ఏ హాల్లోనూ మిషన్ ముట్టుకునే రాత లేకుండా చేస్తాను!"

పిన్ని మధ్యలోకొచ్చింది. "ఆయన్ననకండి. డబ్బాలు మార్చింది నేను. ఇంతకీ సినిమాకి ఏం తక్కువైంది?"

"ఏం తక్కువైందా? ఈ సినిమా తీసిందే ఆఖరి గిటార్ సోలో కోసం! రాక్ అంటే గిటారు. దాన్ని తీసుకొచ్చి ఇంటర్వెల్‌కి ముందు పారేస్తారా?"

"ఓహో, మీరు జుట్టు పార్టీనా?" అంది పిన్ని. జనం గొల్లుమన్నారు. "బాబుగారూ, మిగతా ఊళ్ళలో ఆ సోలో వచ్చేసరికి జనం ఏం చేస్తున్నారు?"

రిప్రజెంటేటివ్ సూట్‌కేసు చెయ్యి మార్చుకున్నాడు. "కొంచెం... విశ్రమిస్తున్నారు."

"పోయిన పిల్లకోసం గంటకి పైగా ఏడిపిస్తే విశ్రమించక ఏం చేస్తారు? ఇక్కడ మీ గిటారువాడు ఎందుకేడుస్తున్నాడో తెలీక చచ్చిపోయాం. అందుకే ప్రతి తీగా చెవిలో పడింది. నేను పొద్దున వాణ్ణి మూలుగుతున్నాడన్నాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, వాడు మొనగాడు. కానీ ఆఖరి దెబ్బ మాత్రం డ్రమ్మే కొట్టాలి!"

"అలా మీకు నచ్చినట్టు..."

"ఆగవయ్యా," అందొక గొంతు.

అందరూ తిరిగి చూశారు. వదిన. ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. ఆవిడ అభిప్రాయం చెప్పడం అంటే గోడ మాట్లాడినట్టే. వీధి చివర కూరలమ్మి కూడా కేక ఆపేసింది.

"నా జన్మలో సినిమా చూళ్ళేదు. సగమే అయినా, ఇవాళ చూశాను," అంది వదిన. "ఆ పిల్ల... అలా నవ్వుతూ నిలబడిపోయింది చూడు, అక్కడే అయిపోవాలి. తర్వాత నువ్వు దాన్ని చంపి చూపిస్తానంటే నా హాల్లో ఒప్పుకోను. పెట్టె ఇక్కణ్ణుంచి కదలదు. మా తమ్ముడు ఎలా వేశాడో అలాగే వేస్తాడు."

"అమ్మా, కంపెనీ..."

"కంపెనీకి ఫోను చెయ్యి. ఫోను లోపలుంది. గేటు బయటున్న జనం ఎంతమందో కూడా చెప్పు, లెక్కపెట్టగలిగితే."

రిప్రజెంటేటివ్ గేటు వైపు చూశాడు. లోపలి హోరు విని వచ్చినవాళ్ళతో వీధి ఈ కొసనుంచి ఆ కొస దాకా నిండిపోయి ఉంది. లారీ ఒకటి మధ్యలో ఇరుక్కుంటే దాని డ్రైవరు టాపుమీదకెక్కి టికెట్టు కోసం చెయ్యి చాపుతున్నాడు. ఆయన ఇంకేం మాట్లాడకుండా లోపలికెళ్ళి ఫోనెత్తాడు. చాలాసేపు "అవునండీ, కాదండీ, కళ్ళారా చూశానండీ" అన్నాడు. బయటికొచ్చినప్పుడు సూట్‌కేసు ఆయన చేతిలో లేదు.

"అన్ని హాళ్ళకీ కబురు పంపుతున్నారు," అన్నాడు, పళ్ళు నూరుకుంటున్నాడో నవ్వుతున్నాడో తెలియని మొహంతో. "రెండో సగం ముందు వెయ్యమని."

ఆ మాటకి జనం పెట్టిన కేక విన్నవాళ్ళు ఇప్పటికీ ఒక చెవితోనే వింటున్నారంటారు. షావుకారు జనం సందులోంచి నక్కినక్కి పోబోతుంటే వదిన పట్టుకుంది.

"ఎక్కడికి? గోడౌను సంగతి మర్చిపో. టికెట్టు కొనలేదు నువ్వు, కొను."

పిన్ని పై గది మెట్లవైపు వెళ్ళింది. ఆయన ఇంకా కమ్మీ వదల్లేదు. జరిగిందంతా తనకేనా అన్నట్టు చూస్తున్నాడు.

"దిగుతావేంటయ్యా? ఎక్కు! జనం ఆగేలా లేరు."

"ఈసారి ఏది ముందు వెయ్యాలి?" అన్నాడు భయంభయంగా, అక్కకేసి చూస్తూ.

వదిన గుత్తి నడుముకి దోపుకుని, జీవితంలో మొదటిసారి తమ్ముడికేసి చూసి నవ్వింది.

"ఇందాక ఎలా వేశావో అలాగే వెయ్యిరా నాయనా. గేటు దగ్గర ఇంకెవర్నైనా పెట్టుకుంటాను. ఈసారి నేను మొదట్నుంచీ చూడాలి."

జనం రెండుగా చీలి దారిచ్చారు. ఆయన పెళ్ళికొడుకులా తలొంచుకుని మెట్లెక్కుతుంటే, పెద్దాయన దగ్గర్నుంచి లారీ డ్రైవరు దాకా అందరూ కాళ్ళతో నేలమీద తాళమేశారు. గిటారు పార్టీ రిప్రజెంటేటివ్ కూడా వేశాడు. కాకపోతే కొంచెం తప్పుగా వేశాడు.